మందిరం మానేశాను, మొక్కడం మానలేదు: దీన్ని నమ్మకం అంటారా?

రెండోషిఫ్ట్
ఏ మతమో చెప్పను. చెబితే చర్చంతా దాని మీదికే పోతుంది, నా ప్రశ్న గాలికి పోతుంది. పుట్టిన మతంలోనే ముప్పై ఏళ్లు ఉన్నాను. వారం వారం వెళ్లేవాణ్ణి, కమిటీలో కూడా పనిచేశాను. ఎనిమిదేళ్ల కిందట మానేశాను. కారణం పెద్ద తాత్వికమైందేమీ కాదు. నాన్న పోయిన నెలలోనే, అక్కడి పెద్దమనిషి ఒకాయన మైకులో నాన్న పేరు చదివాడు. ఆ ఊపులోనే, ఆయన ఇస్తానన్న విరాళంలో ఇంకా ఎంత బాకీ ఉందో కూడా చదివాడు. నేను జనం మధ్యలో కూర్చుని ఉన్నాను. లేచి చెప్పులేసుకుని వచ్చేశాను. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

కథ అక్కడితో అయిపోతే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, కారు ఇంజన్ ఆపేసి ఓ పది నిమిషాలు లోపలే కూర్చుంటాను. లైట్లు ఆర్పేసి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి మాట్లాడతాను. పైకే, మెల్లగా. ఆ రోజు ఏం జరిగిందో, దేనికి భయపడ్డానో చెబుతాను. ఒక్కోసారి థాంక్స్ చెబుతాను. ఎవరికి? తెలియదు. రూపం లేదు, పేరు లేదు. కానీ ఎవరూ వినడం లేదని మాత్రం ఒక్క రాత్రి కూడా అనిపించలేదు.

పోయిన వారం మా అమ్మాయి (ఏడేళ్లు) నిద్రపోకుండా కిటికీలోంచి చూసింది. "నాన్నా, కారులో ఎవరితో మాట్లాడుతున్నావు? చేతిలో ఫోన్ లేదు కదా" అంది. నాకు జవాబు రాలేదు.

భక్తి ఉన్న స్నేహితుడు దీన్ని 'సెల్ఫ్ సర్వీస్ భక్తి' అంటాడు. దేవుడే లేడనే స్నేహితుడు 'పూర్తిగా వదిలే ధైర్యం లేక సగం పట్టుకున్నావు' అంటాడు. వాళ్లిద్దరికీ దేంట్లోనూ పడదు, నన్ను చూసి నవ్వడంలో తప్ప. ఇది నమ్మకమేనా, లేక పాత అలవాటు మిగిలిపోయిందా? పిల్లకి ఏం చెప్పను?

కాకిగోల
ఆ ఇద్దరినీ కలిపిన ఘనత నీదే అన్నా. మతసామరస్యం అవార్డు నీకే రావాలి.

అడ్డగీత
మీతో మీరు మాట్లాడుకుంటున్నారు. అందులో తప్పేం లేదు, డైరీ రాసేవాళ్లు చేసేదీ అదే. దానికి 'వినేవాళ్లు' అని ఇంకొకరిని తగిలించడం ఎందుకో అర్థం కాదు. పాపకి నిజం చెప్పండి: "నాతో నేనే మాట్లాడుకుంటున్నా తల్లీ." ఏడేళ్ల పిల్లకి బాగానే అర్థమవుతుంది. బొమ్మలతో మాట్లాడే వయసే కదా.

పాతచెప్పులు
నలభై ఏళ్లుగా మా ప్రార్థన మందిరానికి వెళ్తున్నవాణ్ణి. మైకులో బాకీ చదవడం నీచం. దాన్ని సమర్థించను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు.

కానీ ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఈ ఎనిమిదేళ్లలో మీ కారులో దేవుడు మీతో ఒక్కసారైనా విభేదించాడా? "నువ్వు చేసింది తప్పు" అన్నాడా? నాకు మందిరంలో నచ్చని మాటలు చాలా వినబడతాయి. నచ్చని మనుషుల పక్కన కూర్చోవాలి. మా వరసలో కూర్చునే ఒకాయనతో నాకు స్థలం తగాదా ఉంది. అయినా వారానికోసారి ఆయన చేతిలో చెయ్యి వేయాల్సిందే. ఒంటరి భక్తిలో ఆ చెయ్యి ఉండదు. తాను మునిగింది గంగ, తాను వలచింది రంభ.

గాలిపటం
నేను మీలాగే రెండోషిఫ్ట్ గారూ. మతం వేరు, ఆధ్యాత్మికత వేరు. విశ్వం మీ మాట వింటోంది. ఆ ఎనర్జీని నమ్మండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

కాకిగోల
విశ్వం వింటోంది సరే. రిప్లై ఇవ్వడానికి ఎన్ని పనిదినాలు పడుతుందో ఎక్కడైనా రాసుందా?

లెక్కలమాస్టారు
రెండోషిఫ్ట్ గారి అనుమానం వయసు నూరేళ్లు దాటింది. విలియం జేమ్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఎడింబరోలో ఇచ్చిన ఉపన్యాసాలు 1902లో పుస్తకంగా వచ్చాయి. ఆయన మతాన్ని నిర్వచిస్తూ సంస్థల్ని, పూజారుల్ని, ఆచారాల్ని కావాలనే పక్కన పెట్టేశాడు. మనిషి ఏకాంతంలో, తను దైవం అనుకునేదాని ముందు నిలబడి, పొందే అనుభూతీ చేసే పనీ, ఆయన లెక్కలో అదీ మతం. అంటే మీ కారు ఆ నిర్వచనంలో అచ్చంగా ఇమిడిపోతుంది.

సరిగ్గా పదేళ్లకు, 1912లో, ఫ్రాన్సులో ఎమీల్ డర్క్‌హైమ్ అనే సమాజ శాస్త్రవేత్త దీనికి పూర్తిగా ఎదురు తిరిగాడు. మతం మొదటినుంచీ పదిమందిదే, కొన్ని విషయాల్ని పవిత్రమని కలిసి నమ్మి ఒక సమాజంగా కట్టుబడటమే మతం అన్నాడు. పాతచెప్పులు గారు డర్క్‌హైమ్ పక్షం. మీరు జేమ్స్ పక్షం. నూరేళ్లుగా తేలని మ్యాచ్ ఇది, ఈ రాత్రికి ఇక్కడ తేలుతుందని అనుకోను.

పాతచెప్పులు
ఆ డర్క్‌హైమ్ ఎవరో గానీ నా మాట నాకంటే ముందే దొంగిలించాడు.

నల్లబల్ల
'సెల్ఫ్ సర్వీస్' అని వెక్కిరించేవాళ్లకి తత్వవేత్త స్పినోజా గుర్తుండాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1656 జులై 27న ఆయన్ని సొంత యూదు సమాజం వెలివేసింది. అప్పటికి ఆయన వయసు 23. ఎవరూ మాట్లాడకూడదు, ఉత్తరం రాయకూడదు, నాలుగు మూరల దూరంలోకి కూడా పోకూడదు, ఆయన రాసింది చదవకూడదు. ఆ కాలంలో ఒక మతంలోంచి బయటికొస్తే ఇంకో మతంలో చేరి తలదాచుకోవడం మామూలు. ఆయన ఎందులోనూ చేరలేదు. లెన్సులు అరగదీసుకుంటూ, దేవుడి గురించి రాసుకుంటూ 44 ఏళ్లకే పోయాడు. మతం లేకుండా దేవుణ్ణి పట్టుకోవడం సుఖమైన దారి అనేవాళ్లు ఒకసారి ఆయన జీవితం చూడాలి.

అడ్డగీత
నల్లబల్ల గారూ, స్పినోజా దేవుడంటే ప్రకృతే. రాత్రిపూట కారులో కూర్చుని చెప్పే కష్టాలు వినే దేవుడు కాదు. ఆయన్ని ఈ కేసులో సాక్షిగా పిలిస్తే మీకే నష్టం.

నల్లబల్ల
ఒప్పుకుంటాను. సాక్షి తిరగబడ్డాడు.

కాకిగోల
పందెం. ఈ పేజీ అయ్యేలోపు ఎవరో ఒకరు వేమన పద్యం పెడతారు.

కిటికీపక్కసీటు
పెట్టబోయి ఆగాను.

పాతచెప్పులు గారి ప్రశ్న మీదే నాలుగు రోజులుగా నా బుర్ర తిరుగుతోంది. ఉద్యోగం మీద విదేశంలో ఉన్న రెండేళ్లు ఒక క్వేకర్ల కూడికకి వెళ్లాను. 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ లాంటివాళ్లతో మొదలైన క్రైస్తవ గుంపు ఇది. ఒక్కో మనిషిలో ఒక వెలుగు ఉంటుంది, దానికీ మనిషికీ మధ్య పూజారి అక్కర్లేదు అని వాళ్ల మాట.

నేను వెళ్లిన చోట పాటలు లేవు, ప్రసంగం లేదు. (అన్ని క్వేకర్ సభలూ ఇలా ఉండవు. పాస్టర్, పాటలు ఉన్నవీ చాలా ఉన్నాయి.) చతురస్రంగా బెంచీలు వేసి ఉంటాయి. గంటసేపు మౌనం. మొదటి పావుగంట నా కడుపులో శబ్దాలు అందరికీ వినబడుతున్నాయేమో అని టెన్షన్. తర్వాత ఎవరిదో కుర్చీ కిర్రుమంటుంది, ఎవరో దగ్గుతారు. ఒక్కోసారి ఒక మనిషి లేచి రెండు వాక్యాలు మాట్లాడి కూర్చుంటారు. దానికి ఎవరూ జవాబివ్వరు. ఆఖర్న పక్కవాళ్లతో చేతులు కలుపుతారు. అంతే.

అసలు చెప్పాలనుకున్నది ఇది. అక్కడ ఒకావిడకి ఉద్యోగం మానాలా వద్దా అనే సమస్య వచ్చింది. నలుగుర్ని తన ఇంట్లో కూర్చోబెట్టుకుంది. అందులో నేనొకణ్ణి. నియమం ఏమిటంటే సలహా ఇవ్వకూడదు, కథలు చెప్పకూడదు, ప్రశ్నలు మాత్రమే అడగాలి. అదీ జవాబు మనకి ముందే తెలియని ప్రశ్నలు. రెండు గంటలు. నా జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు. ప్రతి ప్రశ్నా నోటిదాకా వచ్చేసరికి సలహా అయిపోయేది. అయినా ఆవిడ ఆ సాయంత్రం తనంతట తానే, "నేను మానాలనుకుంటున్నది ఉద్యోగం కాదు, మా అన్నయ్య కింద పనిచేయడం" అంది. గదిలో ఎవరికీ అంతవరకు తట్టలేదు, ఆవిడతో సహా.

కాబట్టి రెండోషిఫ్ట్ గారూ, సంస్థ లేకపోయినా ఫర్వాలేదు. మిమ్మల్ని ప్రశ్నలు అడిగే ముగ్గురు నలుగురు మాత్రం ఉండాలి.

అడ్డగీత
సలహా ఇవ్వకుండా రెండు గంటలా? మా చుట్టాల్లో ఎవరూ ఆ మతానికి పనికిరారు.

రెండోషిఫ్ట్
అందరివీ చదువుతున్నాను. డ్యూటీలో ఉన్నా, తర్వాత రాస్తా. పాతచెప్పులు గారూ, మీ ప్రశ్న బాగా గుచ్చుకుంది.

విరామచిహ్నం
ఇదంతా చదివాక నాకనిపించేది ఒకటే. జనం కష్టాలు తప్పించుకుని తీపి మాత్రం ఏరుకుంటున్నారు. ఉపవాసం వద్దు, నియమం వద్దు, ఓదార్పు మాత్రం కావాలి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్టు.

నల్లబల్ల
ఏరుకోని మనిషిని ఒక్కణ్ణి చూపించండి విరామచిహ్నం గారూ. మీ గ్రంథంలో ఉన్న ప్రతి వాక్యాన్నీ మీరు పాటిస్తున్నారా? మతంలో ఉన్నవాళ్లూ ఏరుకుంటారు, కాకపోతే పాత పెద్దలు ముందే ఏరిపెట్టినది తీసుకుంటారు. అమెరికా అధ్యక్షుడిగా చేసిన థామస్ జెఫర్సన్ అయితే 1820 ప్రాంతంలో బ్లేడు పట్టుకుని నాలుగు భాషల సువార్తల్లోంచి తనకి నచ్చిన ముక్కలు కోసి, అద్భుతాలన్నీ తీసేసి, ఒక పుస్తకంగా అతికించుకున్నాడు. తనకోసమే చేసుకున్నాడు, అచ్చు వేయించలేదు. కనీసం ఆయన కోసింది కనబడుతుంది. మనం కోసేది ఎవరికీ కనబడదు.

విరామచిహ్నం
బానిసల్ని పెట్టుకున్న మనిషి కత్తిరించుకున్న నీతి నాకు ఆదర్శం కాదండీ. సరిగ్గా నేను చెప్పేది అదే. కత్తి మన చేతిలో ఉంటే, మనల్ని కోసే వాక్యాలే ముందు పోతాయి.

నల్లబల్ల
...ఈ దెబ్బ తగిలింది. మళ్లీ వస్తా.

లెక్కలమాస్టారు
విరామచిహ్నం గారి మాటకి దగ్గరగా ఒక ఉదాహరణ. 1985లో సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ బెల్లా, ఆయన సహచరులు అమెరికన్ల జీవితాల మీద రాసిన పుస్తకంలో ఒక యువ నర్సు వస్తుంది. షీలా అనేది వాళ్లు ఆమెకి పెట్టిన మారుపేరు. చర్చికి ఆఖరుసారి ఎప్పుడు వెళ్లానో గుర్తు లేదు అంటుంది. నీ మతం ఏమిటంటే 'షీలాయిజం' అంటుంది. నాలోని చిన్న గొంతు, అంతే అంటుంది. బెల్లాకి ఇది దిగులు పుట్టించింది. ఈ లెక్కన అమెరికాలో మనిషికో మతం చొప్పున 22 కోట్ల మతాలు రావచ్చు అన్నాడు.

నాకు ఎక్కువ గుర్తుండేది ఇంకో ముక్క. పెద్ద ఆపరేషన్‌కి ముందు దేవుడు తనకి ధైర్యం చెప్పాడని షీలా అంటుంది. కాకపోతే ఆ గొంతు తన గొంతే. అడ్డగీత గారు మొదటి పోస్టులో అన్నది ఇదే కదా. దీన్ని చదివి కొందరు 'చూశారా, దేవుడు లేడు' అంటారు. ఇంకొందరు 'మరి దేవుడు ఎవరి గొంతుతో మాట్లాడాలి?' అంటారు.

లెక్కల మాస్టార్ని కాబట్టి ఒక అంకె ఇవ్వకపోతే నిద్రపట్టదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సంస్థ 2023 సర్వేలో అమెరికా పెద్దల్లో 22 శాతం మంది మతం లేదు, ఆధ్యాత్మికత ఉంది అనే గుంపులోకి వచ్చారు. రెండోషిఫ్ట్ గారూ, మీరు ఒంటరి అనుకుంటున్నారు గానీ చాలా కార్లు ఆగి ఉన్నాయి.

కాకిగోల
మాస్టారూ, దీని మీద పరీక్ష ఉంటుందా?

గాలిపటం
పైన నన్ను ఆటపట్టించారు కదా, ఒక నిజం చెబుతా. మతంలో వ్యాపారం ఉందని బయటికొచ్చాను. వచ్చాక ఒక ఆన్‌లైన్ గురువు దగ్గర మూడు లెవెల్స్ కోర్సు చేశాను. ధ్యానం, శ్వాస, 'లోపలి వెలుగు'. మొదటి లెవెల్ నిజంగానే బాగుంది. మూడో లెవెల్ అయ్యాక ఒక మెయిల్ వచ్చింది. నాలుగోది అందరికీ కాదట, ఇద్దరు కొత్తవాళ్లని చేర్పించినవాళ్లకే 'అర్హత' వస్తుందట. మెయిల్ కింద నా పేరు స్పెల్లింగ్ తప్పు. రెండేళ్లు నా 'ఆత్మప్రయాణాన్ని' స్వయంగా చూస్తున్నానన్న మనిషికి నా పేరు రాయడం రాదు.

నవ్వాను, తర్వాత ఏడ్చాను. ఇప్పుడు పొద్దున్నే మేడ మీద అరగంట కూర్చుంటాను. ఏ కోర్సూ లేదు.

కాకిగోల
గాలిపటం గారూ, మొదట వెక్కిరించినందుకు సారీ. ఆ మెయిల్ మాత్రం చైన్ మార్కెటింగ్ అండీ, ఆత్మ పేరు మీద నడిచేది.

విరామచిహ్నం
మందిరంలో లెక్క అడగడానికి కనీసం కమిటీ ఉంటుంది. ఈ ఆన్‌లైన్ వాళ్లని ఎవరడుగుతారు?

రెండోషిఫ్ట్
కమిటీలో నేనున్నాను విరామచిహ్నం గారూ. లెక్క అడిగినవాణ్ణి కూడా నేనే. అడిగిన మూడు నెలలకి మైకులో మా నాన్న బాకీ చదివారు. మొదటి పోస్టులో ఇది రాయలేదు.

పాతచెప్పులు
ఓహో. ఇప్పుడర్థమైంది.

నల్లబల్ల
గురువుల మాట వచ్చింది కాబట్టి. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా నిలబెట్టడానికి దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్లు ఒక పెద్ద సంఘమే కట్టారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, మూడు వేల మందికి పైగా సభ్యులు కూర్చుని ఉండగా, ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశాడు. సత్యానికి దారి లేదు, ఏ సంస్థా మిమ్మల్ని అక్కడికి చేర్చలేదు అని చెప్పి దిగిపోయాడు. పీఠం ఎక్కమని బతిమాలుతుంటే కాదనడం ఎంతమందికి వస్తుంది?

అడ్డగీత
కాదన్నాక 1986లో పోయేవరకు దేశదేశాలు తిరిగి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన పేరు మీద ఫౌండేషన్లు వచ్చాయి, బడులు వచ్చాయి, ముందు వరసలో ఏటా అవే ముఖాలు. గురువు వద్దు అన్న మాట వినడానికి జనం ఒక గురువుని వెతుక్కున్నారు. ఆయన్ని తప్పుపట్టడం కాదు, మనుషులు అంతే.

గోడగడియారం
ఇంతవరకు ఎవరూ చావు గురించి మాట్లాడలేదు. నేను మాట్లాడతాను.

నాకూ మా ఆవిడకీ మతం లేదు. దేవుడున్నాడని ఆవిడ నమ్మేది, నేను అటూ ఇటూ కాను. ఆదివారాలు ఇద్దరం కలిసి నడకకి పోయేవాళ్లం, అదే మా ప్రార్థన అనేది. రెండేళ్ల కిందట పోయింది, పదకొండు రోజుల జబ్బుతో. 'నాకు ఏ తంతూ వద్దు' అని ముందే చెప్పింది కాబట్టి ఏమీ చేయలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో ఇరవైమంది ఉన్నారు. ఎవరికీ ఏం చేయాలో తెలియదు. నిలబడాలా కూర్చోవాలా తెలియదు. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. గోడ మీద గడియారం ఆగి ఉంటే దాన్ని దించి, బ్యాటరీ మార్చి, టైము సరిచేసి మళ్లీ తగిలించాను. ఆవిడ పక్క గదిలో ఉండగా నేను చేసిన పని అది. ఈ పేరు అందుకే పెట్టుకున్నాను.

తర్వాత మా అత్తగారు వచ్చి, ఎవర్నీ అడక్కుండా, తనకొచ్చిన ప్రార్థన చదివింది. ఆవిడకి సగం మాటలు మర్చిపోయాయి. నాకు ఒక్క మాటా నమ్మకం లేదు. కానీ గదిలో ఉన్న ఇరవైమందీ ఊపిరి పీల్చుకున్నారు. ఏం చేయాలో తెలియని రోజు కోసం మతం దగ్గర ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. మన దగ్గర ఉండదు. బతికున్నప్పుడే తయారు చేసుకోవాలి, మేం చేసుకోలేదు.

పాతచెప్పులు
గోడగడియారం గారూ, చదివి ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు బయట తిరిగొచ్చాను.

అడ్డగీత
నాకూ చెప్పడానికేం లేదు. నా వైపు నుంచి దీనికి జవాబు లేదు.

కిటికీపక్కసీటు
ఇప్పుడు ఆదివారాలు నడుస్తున్నారా?

గోడగడియారం
నడుస్తున్నాను. మొదట్లో రోడ్డుకి ఎడమవైపే నడిచేవాణ్ణి, కుడివైపు ఆవిడది. ఈ మధ్య మధ్యలో నడుస్తున్నా.

మతంలేనివాడు99
[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్
ఒక మతాన్ని పేరుపెట్టి తిట్టారు కాబట్టి తీసేశాను. చర్చ ఇంత బాగా సాగుతుంటే తాళం వేయించకండి. నాకూ చదవాలని ఉంది.

తొమ్మిదోమెట్టు
ఆలస్యంగా చూశాను. తాగుడు మాని ఆరేళ్లయింది. ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించి వినే ఉంటారు, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే సంఘం. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టారు. 1939లో వచ్చిన వాళ్ల పుస్తకంలో పన్నెండు మెట్లున్నాయి. మూడోదాంట్లో 'దేవుడు' అన్న మాట పక్కనే 'మాకు అర్థమైన రీతిలో' అని ఉంటుంది. మొదట్లో అది లేదట. సభ్యుల్లో నమ్మకం లేనివాళ్లు గొడవ చేసి పెట్టించారు. ఆ చిన్న ముక్క లేకపోతే నేను మొదటి రోజే లేచి వచ్చేసేవాణ్ణి. రెండోషిఫ్ట్ అన్న చెప్పులేసుకుని వచ్చేసినట్టు.

"నీకంటే పెద్దది ఏదైనా ఒకటి ఒప్పుకో" అన్నారు. నాకేం దొరకలేదు. మొదటి ఏడాది నా దేవుడంటే ఆ గదిలో ఉన్న మిగతా పదకొండు మంది. వాళ్లు మానగలిగారు, నేను మానలేకపోయాను, కాబట్టి వాళ్లు నాకంటే పెద్ద. అంత సింపుల్. ఇప్పుడు ఆ దేవుడు కొంచెం మారాడు, ఎలా మారాడో చెప్పమంటే చెప్పలేను. పొద్దున లేచి బాత్రూమ్ తలుపు వేసుకుని "ఈ రోజుకి" అంటాను, రాత్రి "అయింది" అంటాను. నా ప్రార్థన మొత్తం మూడు మాటలు.

అడ్డగీత అన్నా, అది నాతో నేనే మాట్లాడుకోవడం అంటావా? అనుకో. నాతో నేను మాట్లాడుకున్న పద్నాలుగేళ్లూ తాగాను.

అడ్డగీత
ఆ గదిలోని పదకొండు మందే పని చేశారు తమ్ముడూ, నా ఉద్దేశం. దానికి వేరే పేరు అక్కర్లేదు. కానీ నువ్వు మానడమే ముఖ్యం, పేరు దగ్గర నేను పోట్లాడను.

విరామచిహ్నం
పదకొండు మంది, ఒక గది, వారానికోసారి, పన్నెండు నియమాలు. తమ్ముడూ, దీన్ని మా వైపు మతం అంటారు.

తొమ్మిదోమెట్టు
అనుకోండి సార్. చందా బాకీ మాత్రం మైకులో చదవరు.

రెండోషిఫ్ట్
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. పాతచెప్పులు గారి ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ ఉండిపోయాను. ఎప్పుడైనా విభేదించాడా అని అడిగారు కదా.

మొదట లేదనే రాయబోయాను. అప్పుడే ఒకటి జరిగింది. మా మెషిన్‌లో బేరింగ్ దగ్గర శబ్దం వస్తోంది. షిఫ్ట్ దిగేటప్పుడు లాగ్‌బుక్‌లో రాయాలి. రాస్తే మెకానిక్ వచ్చేదాకా ఉండాలి, గంట పడుతుంది. 'అన్నీ సరిగా ఉన్నాయి' అని రాసి సంతకం పెట్టి వచ్చేశాను. తెల్లవారుజామున మెషిన్ ఆగిపోయింది. తర్వాతి షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు, కొత్తవాడు, వాడి మీద పడింది. నాలుగు రోజులు నేనేం మాట్లాడలేదు.

ఆ నాలుగు రాత్రులూ కారులో కూర్చున్నాను. మొదటి రాత్రి పైవాళ్ల మీద ఫిర్యాదులు చెప్పాను. రెండో రాత్రి నడుం నొప్పి గురించి చెప్పాను. మూడో రాత్రి మాటలే రాలేదు, ఇంజన్ చల్లబడుతూ టిక్కు టిక్కుమంటుంటే విన్నాను. నాలుగో రాత్రి "ఆ కుర్రాడు" అని మొదలుపెట్టి, వాక్యం పూర్తి చేయలేకపోయాను. ఎవరూ ఏమీ అనలేదు. వెలుగు రాలేదు, గొంతు వినబడలేదు. కానీ అక్కడ అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. సూపర్‌వైజర్‌కి చెప్పగలను, ఇంట్లో చెప్పగలను, అక్కడ మాత్రం నోరు పెగల్లేదు.

ఐదో రోజు వెళ్లి ఒప్పుకున్నాను. మెమో ఇచ్చారు. ఆ కుర్రాడు ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు.

తొమ్మిదోమెట్టు
అన్నా, మా లెక్కలో అది తొమ్మిదో మెట్టు. నష్టపరిచినవాళ్ల దగ్గరికి పోయి సరిచేసుకోవడం. మిగతావన్నీ ఎక్కకుండా నేరుగా దాని మీదే పడ్డావు.

అడ్డగీత
దీన్ని మనస్సాక్షి అంటారు. నాకూ ఉంది, కారు లేకుండానే పని చేస్తుంది. అయితే నిజాయితీగా చెప్పాలంటే, నాలుగు రాత్రులు వరసగా దాని ముందు కూర్చునే అలవాటు నాకు లేదు. నేనైతే టీవీ పెట్టుకునేవాణ్ణి.

పాతచెప్పులు
నేనడిగింది ఇదే. జవాబు దొరికింది. నా అభిప్రాయం మారలేదు, ఒంటరిగా ఉండొద్దనే అంటాను. కానీ 'తాను మునిగింది గంగ' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఈ వారం స్థలం తగాదా ఆయనకి చెయ్యి ఇచ్చినప్పుడు, మీ లాగ్‌బుక్ గుర్తొచ్చింది. సర్వే రాయి నేను రెండడుగులు జరిపిన మాట నిజం. ఇంకా చెప్పలేదు ఆయనకి. నలభై ఏళ్లుగా ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు.

కాకిగోల
ఈ చర్చలో రెండు నేరాలు ఒప్పుకున్నారు. మోడరేటర్ గారూ, ఇక్కడ ఒక స్టేషన్ పెట్టేద్దామా?

మోడరేటర్
ముందు నీ పాత అకౌంట్ల సంగతి ఒప్పుకో.

కాకిగోల
నేను దేవుడితో మాట్లాడేది పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడే. అందుకే అన్ని అకౌంట్లు.

గోడగడియారం
పాపకి ఏం చెప్పారు రెండోషిఫ్ట్ గారూ? మొదటి ప్రశ్న అదే కదా, మేమంతా మర్చిపోయాం.

రెండోషిఫ్ట్
తెలియదని చెప్పాను. "నాకూ తెలియదమ్మా, కానీ రోజూ మాట్లాడాలనిపిస్తుంది" అన్నాను. "వాళ్లు తిరిగి మాట్లాడతారా?" అంది. "ఇంతవరకు లేదు" అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే నీ మాట అయిపోయిందని నీకెలా తెలుస్తుంది?" అంది. దీనికి జేమ్స్ దగ్గర గానీ డర్క్‌హైమ్ దగ్గర గానీ జవాబుందా మాస్టారూ?

నిన్న సెలవు. రాత్రి అలవాటు కొద్దీ కారులో కూర్చుంటే తనూ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. కాగితం, పెన్సిలు తెచ్చుకుంది. "నువ్వు మాట్లాడుకో, నేను బొమ్మ గీసుకుంటా, వినను" అంది. పది నిమిషాలూ కూర్చుంది.

లెక్కలమాస్టారు
లేదండీ. సిలబస్‌లో లేని ప్రశ్న.

కాకిగోల
ఏడేళ్ల పిల్ల ముందు సీట్లో పది నిమిషాలు హారన్ నొక్కకుండా కూర్చుందా? ఇక్కడ ఎవరో ఒకరు ఉన్నట్టే అన్నా, నేను నమ్మేశాను.

రెండోషిఫ్ట్
నొక్కింది. రెండుసార్లు.